బండి కింద ట్రే

రాయి షట్టర్‌కి తగిలి ఖణేలుమంది. దాని వెనకే ఇంకొకటి.

"బయటికి రావయ్యా పెద్దమనిషీ! లోపల దాక్కుంటే వాడి కాలు మళ్లీ మొలుస్తుందా?"

ఆస్పత్రి నుంచి తమ్ముడి బట్టల కోసం వస్తున్న అక్క వీధి మలుపులోనే ఆగిపోయింది. మెకానిక్ షెడ్డు ముందు జనం మూగి ఉన్నారు. ముందు వరసలో ఉన్నవాళ్లంతా తమ్ముడితో పాటు ఇంటింటికీ పార్సిళ్లు మోసే కుర్రాళ్లే. కంపెనీ చొక్కాలైనా విప్పకుండా డ్యూటీ మధ్యలోంచి వచ్చేశారు. వాళ్ల కాళ్ల దగ్గర పక్కకి ఒరిగి పడుంది బండి. నాన్న వయసులో ఉన్నప్పుడు కొన్న బండి. ఇప్పుడు హ్యాండిల్ మెలితిరిగి, ట్యాంకు సొట్టపడి, గుర్తుపట్టడానికే కష్టంగా ఉంది.

నిన్న సోమవారం పొద్దున వంతెన మీద, మంచి వేగంలో ఉండగా, దాని ఇంజను ఉన్నట్టుండి పట్టేసింది. వెనక చక్రం బిగుసుకుపోయింది. తమ్ముడు ఎగిరి రోడ్డు మీద పడ్డాడు. వెనక వస్తున్న లారీ డ్రైవరు బ్రేకు తొక్కాడు గానీ, అప్పటికే చక్రం వాడి కాలి మీదికి ఎక్కేసింది. సాయంత్రానికి డాక్టర్లు మోకాలి కింద తీసేశారు.

"చుక్క నూనె లేదక్కా ఇంజన్లో!" ఆమెను చూసి జులపాల కుర్రాడు పరుగున వచ్చాడు. తమ్ముడికి వీడే ప్రాణస్నేహితుడు. "ఇప్పుడే మేమే అడుగు బోల్టు విప్పి చూశాం. ఒక్క బొట్టు రాల్లేదు. పోనీ కారిపోయిందా అంటే బోల్టు బిగుతుగానే ఉంది, పైన నూనె పోసే మూత బిగుతుగానే ఉంది. శనివారం బండి మీద చెయ్యేసింది ఈయనొక్కడే. పాత నూనె తీసేసి, కొత్తది పొయ్యబోతుంటే ఇంకో బేరం తగిలుంటుంది. అటు పోయి మర్చిపోయాడు. ఇంకేముంది!"

షట్టర్ సగం లేచింది. దాని కిందనుంచి వంగి బయటికొచ్చాడు మెకానిక్. ఎప్పుడు చూసినా వెనక జేబులో పన్నెండో నంబరు పానా ఉంటుంది కాబట్టి వీధంతా ఆయన్ని 'పన్నెండు' అనే పిలుస్తారు. అసలు పేరు ఆయనకైనా గుర్తుందో లేదో అని నవ్వుకుంటారు. ఇవాళ ఎవరూ నవ్వడం లేదు.

"చైను వదులైందంటే బిగించాను. అంతే!" అన్నాడు పన్నెండు. "చెప్పు కుట్టమని ఇస్తే టోపీ చింపుతానా? ఇంజను జోలికే పోలేదు నేను."

"మరి నూనె ఏమైంది? ఆవిరైపోయిందా?"

"నన్నడిగితే? నేనేమన్నా తాగానా?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఎవరి చెయ్యో లేచింది. చెంప ఛెళ్లుమంది. పన్నెండు తూలి బండి మీద పడబోయి, చేతులు నేలకి ఆనించి నిలదొక్కుకున్నాడు. లేస్తూ లేస్తూ, కుర్రాళ్లు విప్పి పడేసిన అడుగు బోల్టుని నేలమీంచి తీశాడు. బొటనవేలితో తుడిచాడు. వెలుతురుకి పెట్టి చూశాడు. అప్పటిదాకా ఎర్రబడి ఉన్న మొహం మెల్లగా పాలిపోయింది.

అంతలో పోలీసు జీపు వచ్చింది. జనం పక్కకి జరిగారు. కానిస్టేబులు జబ్బ పట్టుకోబోతే, "వస్తున్నా, ఎక్కడికీ పారిపోను" అని పన్నెండు తిన్నగా అక్క దగ్గరికి నడిచాడు.

"అమ్మాయ్, చెయ్యి పట్టు."

బోల్టు ఆమె అరచేతిలో పడింది. దాని మెడకి రాగి వాషరు అంటుకుని ఉంది. పైన నల్లటి పొర, ఆ పొర లేచిపోయిన చోట లేత గులాబీ రంగు.

"నేనైతే కొత్తది వేస్తాను. లేదంటే పాతదే తుడిచి వేస్తాను," అన్నాడు గొంతు తగ్గించి. "వాషర్ని పొయ్యి మీద ఎర్రగా కాల్చి, నీళ్లలో ముంచి, మెత్తబరిచి వేసే ఓపిక ఈ చుట్టుపక్కల ఒక్క మనిషికే ఉంది. ఇక్కడ ఆ మనిషి పేరెత్తితే ఈ గుంపు మీ గుమ్మం ముందుంటుంది. అందుకని ఎత్తను. కానీ నేనేం మహాత్ముణ్ణి కాదమ్మా, పిల్లలుగలవాణ్ణి. రేపు ఆస్పత్రిలో మీ తమ్ముడు పోలీసులకి నా మీద చెప్పాడంటే నేనూ నోరు విప్పుతాను. ఈలోపు నువ్వే తేల్చుకో."

జీపు కదిలింది. అక్క గుప్పిట మూసింది. బోల్టు ఎండకి వేడిగా ఉంది.

* * *

ఇంటి ముందు వసారాలో నాన్న కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అమ్మ ఎదురుగా వంగి ఆయన చొక్కా గుండీలు విప్పి మళ్లీ పెడుతోంది. ఒకటి తప్పించి పెట్టుకోవడంతో చొక్కా ఒకవైపు కిందికి వేలాడుతోంది.

"వచ్చావా తల్లీ!" నాన్న మొహం విప్పారింది. "వాడేడీ? డ్యూటీకి వెళ్లాడా?"

అక్క అమ్మవైపు చూసింది. నిన్న సాయంత్రం ఆస్పత్రి వరండాలో గోడకి తల బాదుకుని ఏడ్చిన మనిషి ఈయనేనా?

"వెళ్లాడు," అంది అమ్మ, గుండీల మీంచి చూపు తిప్పకుండా. "పని ఎక్కువగా ఉందిట. మీరు టీ తాగండి, చల్లారిపోతోంది."

అక్క పనిచేసే బట్టల మిల్లు ఊరికి అవతలి కొసన ఉంది. అక్కడే ఆడవాళ్ల గదుల్లో ఉంటుంది. సెలవు రోజున వచ్చి, అమ్మ వండింది తిని, నాన్నతో కాసేపు పిచ్చాపాటీ చెప్పుకుని వెళ్తుంది. నాన్నకి కాస్త మతిమరుపు వచ్చిందని తెలుసు. వయసన్నాక ఎవరికి రాదు అనుకుంది. మొన్న ఆదివారం మిల్లులో అదనపు షిఫ్టు పడి అసలు రాలేదు.

అమ్మ కప్పు అందుకుని లోపలికి వెళ్లింది. అక్క మెల్లగా మెట్ల కిందికి దూరింది. ఇంట్లో ఎవరి పెత్తనమూ సాగని చోటు అది, నాన్న మూల. పానాలు చిన్నవాటి నుంచి పెద్దవాటి దాకా మేకులకి వేలాడుతున్నాయి. గుడ్డపీలికలు మడతలు పెట్టి ఉన్నాయి. పాత నూనె డబ్బా అడుగు కోసి చేసిన గరాటు ఉంది. పాత నూనె దాచే రంగు డబ్బా మూత తీసి చూసింది. అంచుదాకా నల్లగా నిండి ఉంది. గేటు బందులకీ, బావి గిలకకీ పూయడానికి నాన్న దాస్తాడు దాన్ని. పోయిన నెల ఆమె చూసినప్పుడు అడుగున కొంచెమే ఉంది.

దాని వెనక కొత్త నూనె డబ్బా. అక్క దాన్ని ముందుకి లాగింది. బరువుగా కదిలింది. మూత చుట్టూ సీలు చెక్కుచెదరలేదు.

ఇంకేం చూడాల్సిన పని లేదు. నల్ల నూనె బయటికొచ్చింది. కొత్త నూనె లోపలికి పోలేదు.

పక్కనే గోడకి చేరవేసి ఉంది రేకు ట్రే. తళతళలాడుతోంది. అక్క దాన్ని చూసీ చూడనట్టు చూసి లేచింది.

* * *

నాన్న పక్కన మెట్టు మీద కూర్చుని, గుప్పిట విప్పి బోల్టు చూపించింది.

"ఇదేంటి నాన్నా?"

"ఇదేంటంటావేంటే! మన బండి అడుగు బోల్టు." ఆయన దాన్ని అందుకున్నాడు. అందుకోగానే వేళ్లకి ఎక్కణ్ణుంచో ప్రాణం వచ్చింది. గుండీలు పెట్టుకోలేని వేళ్లు అవేనంటే ఎవరూ నమ్మరు. "ఇలా పడేస్తే మరలు పోతాయి. ఎవరు విప్పారు?"

"నాకు నేర్పవూ, నూనె ఎలా మారుస్తారో?"

"మిల్లులో కుట్టు మిషను వదిలేసి బండి పని నేర్చుకుంటావా? మీ అమ్మ నన్ను ఇంట్లోంచి గెంటేస్తుంది." నవ్వాడు. తర్వాత ముందుకి వంగి, బండి ఎదురుగా ఉన్నట్టే గాల్లో చేతులు పెట్టాడు. "ముందు ఇంజను కాసేపు తిప్పాలి. నూనె గోరువెచ్చన కావాలి. చల్లగా ఉంటే మడ్డి అడుగునే కూర్చుంటుంది, కదలదు. అప్పుడు కింద ట్రే పెట్టి బోల్టు వదులు చెయ్యి. చివరి చుట్టు చేత్తో తిప్పు. మొహం పక్కకి పెట్టుకో, బుస్సుమని వస్తుంది. ధార సన్నబడింది కదా అని మూసెయ్యకు. బండిని ఇటోసారి అటోసారి వంచు. ఇంకా వస్తుంది. అయిపోయిందనుకున్నాక కూడా వస్తుంది."

"మరి వాషరు?"

"అది ఈలోపు పొయ్యి మీద. మీ అమ్మ సణుగుతుంది, సణగనీ. ఎర్రగా కాలాక నీళ్లలో వేస్తే చుయ్ మంటుంది. రాగి మెత్తబడి మళ్లీ కొత్తదానిలా కూర్చుంటుంది. బోల్టు బిగించేటప్పుడు బలం చూపించకూడదు. పానా మీద రెండు వేళ్లు చాలు. పన్నెండుగాడికి అదే రాదు, ఏనుగుని కట్టేస్తున్నట్టు బిగిస్తాడు."

"తర్వాత నూనె పోసెయ్యడమేనా?"

"ఆగు మరి. నూనె పొయ్యకముందు ఎవరో పిలుస్తారు. ఏదో పని తగులుతుంది. అందుకే కొత్త నూనె పోసేదాకా ట్రే బండి కిందే ఉండాలి. మూత నా జేబులో ఉండాలి." కుడిచేత్తో జేబు తట్టి చూపించాడు. "ట్రే కనపడిందంటే ఈ ఇంట్లో ఎవరూ తాళం పెట్టరు. మీరు ఇంతింత ఉన్నప్పుడే చెప్పానుగా."

చెప్పాడు. తమ్ముడు అప్పట్లో ట్రే ఉన్నప్పుడు బండి సీటు కూడా ఎక్కేవాడు కాదు.

"నాన్నా, మొన్న ఆదివారం నూనె మార్చావా?"

ఆయన చేతులు గాల్లోనే ఆగిపోయాయి. కళ్లు అటూ ఇటూ కదిలాయి. చీకటి గదిలో స్విచ్చు కోసం తడుముకునే మనిషిలా చాలాసేపు వెతుక్కున్నాడు. దొరకలేదు. అప్పుడు చేతులు దగ్గరికి తెచ్చుకుని, తిప్పి, గోళ్లు చూసుకున్నాడు. గోళ్ల చివర నల్లటి గీత ఉంది.

"మార్చే ఉంటాను," అన్నాడు నెమ్మదిగా. తల ఎత్తి, "ఏం? ఏమైంది? బండికేమన్నా అయిందా? వాడేడీ?"

అక్క లేచి లోపలికి వెళ్లిపోయింది.

* * *

వంటింట్లో అమ్మ స్టవ్ ముందు నిలబడి ఉంది. స్టవ్ మీద ఏమీ లేదు.

"ఎప్పట్నుంచి ఇలా?" అడిగింది అక్క.

"ఏడాది పైనే."

"మాకెందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను? పంపు తిప్పి వదిలేస్తారనా? స్టవ్ మీద పాలు పెట్టి బజారుకి వెళ్లిపోతారనా? సగం గడ్డం గీసుకుని వచ్చి కూర్చుంటారనా?" అమ్మ గొంతు ఎప్పటిలాగే చిన్నగా ఉంది. "ఆయన సగంలో వదిలేస్తారు, మిగతాది నేను పూర్తి చేస్తాను. అడగను. అడిగితే చిన్నబుచ్చుకుంటారు. మొదట్లో ఒకసారి అడిగాను, రెండురోజులు అన్నం ముట్టలేదు. ఏదన్నా చేశానా అని ఆయనే అడిగితే, ఆ మీరే చేశారు, బాగా చేశారు అంటాను. ఆయన మురిసిపోతారు. మీ కంట పడకుండా ఇలా నెట్టుకొస్తున్నాను."

"పన్నెండు అన్నని స్టేషన్లో పెట్టారమ్మా. ఆయన చెంప మీద కొట్టారు."

అమ్మ మళ్లీ స్టవ్ వైపు తిరిగింది.

"నూనె తీసింది నాన్న. కొత్త డబ్బా సీలు కూడా తియ్యలేదు. రేపు తమ్ముడి దగ్గర పోలీసులు అడుగుతారు. నేను చెప్పేస్తాను."

"వద్దు!" అమ్మ గిరుక్కున తిరిగింది. రెండు చేతులా కూతురి చెయ్యి పట్టుకుంది. మంచుగడ్డల్లా ఉన్నాయి ఆ చేతులు. "వద్దే. నీకు దణ్ణం పెడతాను. కొడుకు కాలు నేనే తీశానని తెలిస్తే బతుకుతారా?"

"మరి పన్నెండు అన్న? ఆయన పిల్లలు?"

అమ్మ కూతురి చెయ్యి వదిలేసి, స్టవ్ గట్టు తుడవడం మొదలుపెట్టింది. అద్దంలా ఉన్న గట్టుని తుడిచి, మళ్లీ తుడిచి, మళ్లీ తుడుస్తూనే ఉంది. నాన్నంటే ఎంత ప్రేమో అనుకుంది అక్క.

* * *

మర్నాడు ఆస్పత్రి వార్డు బయట బల్ల మీద పన్నెండు భార్య కూర్చుని ఉంది. కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. అక్కని చూసి లేచి నిలబడింది గానీ ఒక్క మాటా అనలేదు. తిట్టినా బావుండేది.

లోపల తమ్ముడు దిండుకి ఆనుకుని ఉన్నాడు. దుప్పటి కింద ఒక కాలు ఎత్తుగా ఉంది. రెండోది మోకాలి దాకా ఎత్తుగా ఉండి, అక్కణ్ణుంచి మంచానికి అతుక్కుపోయింది. జులపాల కుర్రాడు వాడి తలాపున నిలబడ్డాడు. ఎస్సై స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"టైము తీసుకో బాబూ. ఎవరి మీదన్నా అనుమానం ఉందా?"

"అనుమానమేంటి సార్! శనివారం ఆ మెకానిక్ దగ్గర..."

"ఆగరా," అంది అక్క.

సరిగ్గా అప్పుడే గుమ్మంలోకి అమ్మా నాన్నా వచ్చారు. అమ్మ చేతిలో క్యారియరు ఉంది. నాన్న చూపు మంచం మీద పడింది. దుప్పటి మీద పడింది. అక్కడే ఉండిపోయింది. ఆయనకి ఇది మళ్లీ మొదటిసారి.

అక్క ఇంక ఆగలేకపోయింది. ఆగితే ఇంకెప్పటికీ చెప్పలేనని ఆమెకి తెలుసు. "మెకానిక్ తప్పేం లేదు సార్. ఆదివారం నూనె తీసింది మా నాన్న. ఆయనకి ఏదీ గుర్తుండడం లేదు. కొత్త నూనె పొయ్యడం మర్చిపోయారు. సీలు తియ్యని డబ్బా ఇంట్లోనే ఉంది."

నాన్న రెండడుగులు ముందుకేసి, చేతులు చాచి గోళ్లు చూపించాడు. "నేనే అయ్యుంటాను బాబూ. నాకు తెలీదు గానీ, నేనే అయ్యుంటాను."

ఎస్సై కలం మూసేశాడు. ఆయన ముఖంలో విసుగు పోయి జాలి వచ్చింది. "ఊరుకోండి పెద్దాయనా. ఒంట్లో బాగాలేని మనిషి మీద కేసేం పెడతాం? ఏదో జరగరానిది జరిగింది. మెకానిక్‌ని ఇప్పుడే వదిలేయమంటాను." గుమ్మం అవతల పన్నెండు భార్య బావురుమంది. జులపాల కుర్రాడు తల దించుకున్నాడు.

అంతే. ఎంత తేలిగ్గా అయిపోయింది! నిన్నంతా ఇందుకేనా భయపడింది అనుకుంది అక్క.

కానీ తమ్ముడు నాన్నని చూస్తున్నాడు.

"మర్చిపోతే మర్చిపోయావు నాన్నా. ఆ ట్రే ఎందుకు తీశావు?" వాడు దిండు మీంచి లేవబోయాడు. "ట్రే కింద ఉంటే నేను తాళం పెడతానా? చిన్నప్పట్నుంచీ పెట్టానా? ఒక్క ట్రే ఉంచి ఉంటే చాలు కదా, నా కాలు నాకుండేది కదా!"

మొహం గోడవైపు తిప్పేసుకున్నాడు.

నాన్న నిలువునా నీరైపోయాడు. "ట్రే... ట్రే నేను తియ్యను రా," అన్నాడు. "నూనె పొయ్యకుండా ఎప్పుడూ తియ్యను. తీశానా?" జేబు తడుముకున్నాడు. గోళ్లు చూసుకున్నాడు. ఏ గోరూ ఏమీ చెప్పలేదు. ఇంక దిక్కుతోచక, ఏడాదిగా తన రోజుల్ని తనకి చెబుతున్న మనిషివైపు తిరిగాడు.

"ఏమే, నువ్వు చెప్పు. ట్రే నేనే తీశానా?"

అమ్మ క్యారియరు బల్ల మీద పెట్టింది. ఆమె ఏమంటుందో అక్కకి తెలుసు. ఆ, మీరే అంటుంది. ఎప్పుడూ అనే మాటే. ఎస్సై లేచి టోపీ పెట్టుకుంటున్నాడు. ఆ ఒక్క మాటతో అందరూ ఇళ్లకి వెళ్లిపోవచ్చు.

"కాదు," అంది అమ్మ.

నాన్న అర్థంకానట్టు చూశాడు.

"మీరు కాదండీ. మీరు ట్రే ఉంచారు. మూత జేబులో వేసుకున్నారు. అన్నీ సరిగ్గానే చేశారు. పక్కింటాయన ఎందుకో పిలిస్తే లేచి వెళ్లారు. వచ్చి పడుకున్నారు." ఆమె మాట్లాడుతున్నది నాన్నతోనే గానీ చూపు మాత్రం దుప్పటి మీద, ఎత్తులేని చోట నిలిచింది. "చొక్కా ఉతకబోతే జేబులో మూత దొరికింది. అయ్యో, మూత పెట్టడం కూడా మర్చిపోయారే అనుకున్నాను. నూనె పోసేశారనే అనుకున్నాను. లేపి అడగబోయి మానేశాను. చిన్నబుచ్చుకుంటారని. నేనే మూత బిగించాను. ట్రేలో నూనె డబ్బాలో పోశాను. పిల్లలు చూస్తే మళ్లీ వదిలేశారనుకుంటారని ట్రే తోమి పెట్టేశాను."

తమ్ముడు గోడమీంచి తల తిప్పాడు. అక్క చెయ్యి మంచం కమ్మీని పట్టుకుంది.

"నూనె లేదన్న మాట విన్నప్పుడే నాకు తెలిసింది. ఇంట్లో తెలిసింది, స్టేషన్లో ఆ బాబుని పెట్టినప్పుడు తెలిసింది, ఇందాక మీరు చేతులు చాపినప్పుడూ తెలిసింది. నోరు పెగల్లేదు."

"అమ్మా," అన్నాడు ఎస్సై ఇబ్బందిగా, "ఇప్పుడివన్నీ ఎందుకు? ఎలాగూ పెద్దాయన ఒప్పుకున్నారు..."

"ఆయన ఏం చేశారో ఆయనకి చెప్పేదాన్ని నేనొక్కదాన్నే బాబూ. ఈ అబద్ధం చెప్పలేను." అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆ కలం తియ్యండి. ఎవరు చేశారో తెలియాలిగా, రాసుకోండి. ఈ అబ్బాయి తల్లి. నేనే."